వెండి డాలరు ఏ అచ్చున పుట్టింది?

పార్సిప్పనీలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉన్న మన కుటుంబాల్లో పాత అమెరికన్ వెండి డాలర్లు ఒకటో రెండో దాచుకున్నవారు కొందరైనా ఉంటారు. పిల్లవాడి పుట్టినరోజుకు ఆఫీసులో తోటివారు ఇచ్చినవి కావచ్చు, ఇల్లు కొనుక్కున్నప్పుడు పొరుగింటి పెద్దాయన చేతిలో పెట్టినవి కావచ్చు, వెండి ధర పెరుగుతోందని విని మనమే కొన్నవి కావచ్చు. అవి బీరువాలో పట్టుచీరల మడతల్లోనో, బ్యాంకు లాకరులో నగల పక్కనో భద్రంగా ఉంటాయి. వాటిని మనం వెండిగానే చూస్తాం. ఎన్ని తులాలుంది, ఔన్సు ధర ఎంత పలుకుతోంది, అంతవరకే మన లెక్క.

ఎప్పుడైనా నాణేల సంతకు వెళ్ళి చూడండి. ఒకే బల్ల మీద, ఒకే సంవత్సరం వేసి ఉన్న, ఒకే టంకశాలలో పుట్టిన రెండు డాలర్లు పక్కపక్కన కనిపిస్తాయి. అరుగుదల కూడా ఇద్దరన్నదమ్ముల్లా ఒక్కలాగే ఉంటుంది. ఒకదాని వెల మామూలుగానే ఉంటుంది, రెండోదాని వెల దానికి ఎన్నో రెట్లు. తేడా ఏమిటని అడిగితే అమ్మేవారు మాటలు చెప్పరు, భూతద్దం చేతికిస్తారు. తేడా అచ్చులో ఉంది. ఆ అచ్చు జాడ పట్టడం ఎలాగో, మనబోటి సంసారులు దాన్ని తెలుసుకోవలసిన అవసరం ఏమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా అచ్చు సంగతి. మన పెడన, మచిలీపట్నం కలంకారీ అద్దకం చూసినవారికి ఇది తేలికగా బోధపడుతుంది. చెక్క అచ్చులో ఒక పువ్వు రేకు విరిగిందనుకోండి. ఆ రోజు నుంచి ఆ అచ్చుతో అద్దిన ప్రతి దుప్పటి మీదా ఆ రేకు విరిగే ఉంటుంది. వేరొక పనివాడు చెక్కిన అచ్చులో అదే పువ్వు కాస్త వంగి ఉంటే, దానితో అద్దిన బట్టలన్నిటిలోనూ వంగే ఉంటుంది. బట్ట చూసి ఏ అచ్చుదో చెప్పవచ్చు. నాణెమూ అంతే. ఉక్కు దిమ్మ మీద బొమ్మను తిరగేసి లోతుగా దించితే అది అచ్చు. బొమ్మ వైపు ఒకటి, బొరుసు వైపు ఒకటి. రెంటి మధ్య వెండి బిళ్ళ పెట్టి యంత్రం ఒక్క పోటు వేస్తే డాలరు తయారు. ఒక్కొక్క అచ్చు వేలు, లక్షల పోట్లు తిని అరిగిపోతుంది, లేదా పగిలిపోతుంది. దాని స్థానంలో కొత్త అచ్చు వస్తుంది. కాబట్టి ఒక సంవత్సరంలో పుట్టిన కోటి డాలర్లకు ఒకే తల్లి ఉండదు, ఎందరో తల్లులుంటారు.

ఈ తల్లుల లెక్క వ్రాసే శాస్త్రం అమెరికాలో మొదట సాగిన చోట్లలో మన న్యూజెర్సీ రాగి నాణేల రంగం ఒకటి. 1786 జూన్ 1న న్యూజెర్సీ శాసనసభ 30 లక్షల రాగి నాణేలు కొట్టడానికి వాల్టర్ మోల్డ్, థామస్ గోడ్స్‌బీ, ఆల్బియాన్ కాక్స్ అనే ముగ్గురికి అనుమతి ఇచ్చింది. వారిలో మోల్డ్ తన టంకశాలను పెట్టింది మోరిస్‌టౌన్‌లో. పార్సిప్పనీ నుంచి అక్కడికి పట్టుమని పది మైళ్ళు కూడా లేదు. ఆ నాణేల మీద ఒకవైపు గుర్రం తల, దాని కింద నాగలి, చుట్టూ నోవా సీసరియా అని లాటిన్‌లో న్యూజెర్సీ పేరు. అచ్చులన్నీ చేత్తో చెక్కినవే కాబట్టి ఏ రెండూ ఒక్కలా లేవు. ఒక అచ్చులో గుర్రం తల ఒంటె తలలా వచ్చింది, మరొకదానిలో పాములా వచ్చింది. 1881లో ఫిలడెల్ఫియా వైద్యుడు ఎడ్వర్డ్ మారిస్ వాటినన్నిటినీ పక్కపక్కన పెట్టి, బొమ్మ వైపు అచ్చుకు అంకె, బొరుసు వైపు అచ్చుకు అక్షరం ఇచ్చి పట్టిక వేశాడు. ఒంటె తల అచ్చుకు ఆయన ఇచ్చిన సంఖ్య 56. నేటికీ ఆ నాణేలను సేకరించేవారు ఆ సంఖ్యలతోనే మాట్లాడుకుంటారు.

ఇక వెండి డాలర్లు. మన ఇళ్ళలో ఉండేవి ఎక్కువగా రెండు రకాలు. 1878 నుంచి 1904 వరకూ, మళ్ళీ 1921లోనూ వచ్చిన మోర్గన్ డాలరు. 1921 నుంచి 1928 వరకూ, ఆ తర్వాత 1934, 1935లలోనూ వచ్చిన పీస్ డాలరు. రెంటి బరువూ 26.73 గ్రాములు, నూటికి తొంభై పాళ్ళు వెండి, తక్కినది రాగి. మోర్గన్ డాలరుకు బొమ్మ గీసిన జార్జ్ మోర్గన్ ఇంగ్లండు నుంచి వచ్చినవాడు. అందులోని స్వేచ్ఛాదేవి ముఖానికి నమూనాగా కూర్చున్నది ఆనా విలియమ్స్ అనే ఫిలడెల్ఫియా అమ్మాయి. ఆమె తరువాత బడిపంతులుగా పనిచేసింది.

ఈ డాలర్లలో అచ్చు తేడాలు ఇన్ని రావడానికి కారణం 1878లో జరిగిన హడావుడి. ఆ ఏడాది ఫిబ్రవరి 28న బ్లాండ్-అలిసన్ చట్టం వచ్చింది. నెలకు కనీసం 20 లక్షల డాలర్ల విలువగల వెండి కొని నాణేలుగా కొట్టాలని ప్రభుత్వానికి ఆజ్ఞ. మార్చిలోనే పని మొదలుపెట్టారు. మొదట కొట్టిన డాలర్లలో డేగ తోకకు 8 ఈకలున్నాయి. తోక ఈకలు బేసి సంఖ్యలో ఉండడం ఆనవాయితీ అని ఆక్షేపణ వచ్చి, 7 ఈకల బొమ్మ తయారు చేశారు. అయితే అప్పటికే సిద్ధంగా ఉన్న 8 ఈకల అచ్చులను పారెయ్యడానికి మనసొప్పక, కొన్నింటి మీద 7 ఈకల బొమ్మను మళ్ళీ అదిమారు. అడుగునున్న పాత ఈకల కొసలు కొత్త ఈకల కింద తొంగి చూస్తూ మిగిలిపోయాయి. ఆ తర్వాత డేగ రొమ్మునూ, బాణపు ఈకనూ మరోసారి మార్చారు. ఈ విధంగా 1878 ఒక్క సంవత్సరంలోనే బొరుసు వైపు నాలుగు రకాలు స్పష్టంగా కనిపిస్తాయి. కొత్తగా నేర్చుకునేవారు 1878 డాలరుతో మొదలుపెట్టడం అందుకే మంచిది. ఈకలు లెక్కపెట్టడానికి ఎనిమిదేళ్ళ పిల్లవాడి కళ్ళు చాలు.

రెండో కారణం చేతిపని. ఆ రోజుల్లో అమెరికాలోని టంకశాలలన్నిటికీ అచ్చులు ఫిలడెల్ఫియాలోనే తయారయ్యేవి. 1904 వరకూ వచ్చిన మోర్గన్ డాలర్లకు సంవత్సరపు అంకెలనూ, టంకశాల గుర్తునూ ఒక్కొక్క అచ్చులో పనివాడు చేత్తో గుద్దేవాడు. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎస్, న్యూ ఆర్లీన్స్‌కు ఓ, కార్సన్ సిటీకి సీసీ, 1906లో తెరిచిన డెన్వర్‌కు 1921లో డీ. ఫిలడెల్ఫియాకు గుర్తేమీ లేదు. చెయ్యి కాస్త వణికితే అంకె పక్కకు వాలుతుంది. ఒకసారి గుద్దింది సరిగా పడకపోతే మళ్ళీ గుద్దుతాడు, మొదటిది నీడలా మిగులుతుంది. కార్సన్ సిటీలో నాణేలు కొట్టడం 1893లో ఆగిపోయింది. అక్కడ మిగిలిన బొరుసు అచ్చుల మీద సీసీని అణచి, దాని మీదే ఓ గుద్ది 1900లో న్యూ ఆర్లీన్స్‌కు పంపారు. ఆ డాలర్లను భూతద్దంలో చూస్తే ఓ లోపలా పక్కలా సీసీ శకలాలు కనిపిస్తాయి. మన ఇళ్ళలో పెళ్ళికూతురి నగను పై తరంవారి పేరు చెరిపి కొత్త పేరు చెక్కించి ఇచ్చినట్టన్నమాట.

ఈ తేడాలన్నిటినీ ఓపికగా ఏరి కూర్చినవారు లెరాయ్ వాన్ ఆలెన్, జార్జ్ మాలిస్ అనే ఇద్దరు. వారి ఉమ్మడి పుస్తకం 1971లోనూ, విస్తరించిన రూపం 1976లోనూ వచ్చాయి. వారి పేర్ల మొదటి అక్షరాలు కలిపి ప్రతి అచ్చు జతనూ వామ్ సంఖ్యతో పిలుస్తారు. సంవత్సరానికీ టంకశాలకూ విడివిడిగా ఈ సంఖ్యలు ఒకటి నుంచి మొదలవుతాయి. కొన్నింటికి ముద్దుపేర్లు కూడా ఉన్నాయి. 1888 ఓ వామ్ 4లో స్వేచ్ఛాదేవి పెదవులూ, ముక్కూ, గడ్డమూ రెండేసి గీతలుగా కనిపిస్తాయి. దాన్ని వేడి పెదవుల డాలరు అంటారు. అదే 1888 ఓలో మరొక అచ్చు పగిలి ముఖం మీదుగా పెద్ద గాటు పడింది, అది గాటుమొగం డాలరు. 1890 సీసీ వామ్ 4లో డేగ తోక నుంచి కింద ఆకుల దండ వరకూ ఒక కడ్డీ దిగినట్టుంటుంది, అది తోకకడ్డీ డాలరు.

ఇంతకూ ఇంట్లో కూర్చుని చూడడం ఎలా? పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఒకటి, పక్కకు వంచడానికి వీలున్న టేబుల్ దీపం ఒకటి ఉంటే చాలు. నాణేన్ని వేళ్ళతో అంచు దగ్గరే పట్టుకోవాలి, ముఖం మీద వేలు పడకూడదు. కింద మెత్తటి గుడ్డ పరవాలి. వెలుగు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడేటట్టు నాణేన్ని మెల్లగా తిప్పుతూ ఈ వరుసలో చూడండి.

మొదటిది, సంవత్సరపు అంకెలు. అవి కింది అంచునున్న పళ్ళకు ఎంత దూరంలో ఉన్నాయి, ఎటు వాలాయి, ఏ అంకె లోపలైనా మరో అంకె నీడ ఉందా.

రెండోది, టంకశాల గుర్తు. బొరుసు వైపు ఆకుల దండ ముడి కింద ఉంటుంది. నిటారుగా ఉందా, ఒరిగిందా, చిన్నదా పెద్దదా, కింద మరో అక్షరం ఉందా.

మూడోది, డేగ. తోక ఈకలు ఎన్ని, రొమ్ము చదునుగా ఉందా ఉబ్బెత్తుగా ఉందా, బాణాల పై ఈక సమాంతరంగా ఉందా ఏటవాలుగా ఉందా.

నాలుగోది, రెట్టింపు గీతలు. అచ్చు తయారీలో బొమ్మను ఉక్కులోకి ఒకసారికి మించి అదమవలసి వచ్చేది. రెండోసారి అదిమేటప్పుడు వెంట్రుకవాసి పక్కకు జరిగితే కన్ను, పెదవి, అక్షరం రెండుగా కనిపిస్తాయి.

అయిదోది, పగుళ్ళూ గుద్దులూ. అచ్చు పగిలితే నాణెం మీద ఆ చోట సన్నటి ఉబ్బు గీత వస్తుంది. బిళ్ళ లేకుండా రెండు అచ్చులూ ఒకదానినొకటి గుద్దుకుంటే, ఒకదాని బొమ్మ నీడ రెండోదాని మీద పడుతుంది.

ఒక్క సూత్రం గుర్తుంచుకోండి. అచ్చులో పడిన గీత నాణెం మీద ఎత్తుగా ఉంటుంది. నాణెం పుట్టిన తర్వాత పడిన గీత లోతుగా ఉంటుంది. ఎత్తు గీత పుట్టుమచ్చ, లోతు గీత తర్వాత తగిలిన దెబ్బ. ఈ తేడా తెలిస్తే సగం విద్య వచ్చినట్టే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఇదంతా తీరిక ఉన్నవారి వేడుక అనుకునేవారు ఉంటారు. కాని డబ్బు పెట్టి కొనేటప్పుడు మోసం నుంచి మనను కాచేది ఈ పుట్టుమచ్చలే. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కో కొట్టిన మోర్గన్ డాలర్లు ఒక్క లక్షే. వరుసలో అదే అందరూ వెతికేది. అదే ఏడాది ఫిలడెల్ఫియావి 378,000. వాటి మీద గుర్తు లేదు. గుర్తు లేని దానికి మరో నాణెం నుంచి తీసిన ఎస్ అతికించి అమ్మినవారు ఎందరో ఉన్నారు. కంటికి అంతా సరిగానే ఉంటుంది. బరువూ వెండీ కూడా సరిగానే ఉంటాయి, ఎందుకంటే డాలరు నిజమైనదే. పట్టించేది అచ్చు. నిజమైన 1893 ఎస్ డాలర్లన్నీ బొమ్మ వైపు ఒకే అచ్చు నుంచి పుట్టాయి. స్వేచ్ఛాదేవి తలకట్టు మీది లిబర్టీ అన్న మాటలో టీ అక్షరం పై అడ్డగీతలో ఏటవాలుగా ఒక సన్నటి ఉబ్బు గీత ఉంటుంది. బొరుసు వైపు ఎస్ ఎంత చక్కగా అతికించినా, బొమ్మ వైపు ఆ గీత లేకపోతే అది ఆ తల్లి బిడ్డ కాదు. గీత కనిపించినా, అంత వెల పెట్టేముందు పేరున్న ధ్రువీకరణ సంస్థకు చూపించాలి.

ఇంతకంటే చిత్రమైన కథ ఒకటుంది. 1896, 1900, 1902 సంవత్సరాల న్యూ ఆర్లీన్స్ డాలర్లలో ఓ అక్షరం మామూలుకంటే చిన్నగా ఉన్నవి కొన్ని దొరికేవి. అవి ప్రత్యేక రకాలని పుస్తకాలకెక్కాయి, వామ్ సంఖ్యలు పొందాయి, ఎక్కువ వెలకు అమ్ముడుపోయాయి. తీరా పరిశోధకులు వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే, మూడు వేరువేరు సంవత్సరాల నాణేల బొరుసు మీద ఒకే అచ్చు తాలూకు లోపాలు కనిపించాయి. అవి టంకశాల పనులు కావు, దొంగ అచ్చువి. 2005లో పీసీజీఎస్ అనే ధ్రువీకరణ సంస్థ ఇక వాటిని అసలువిగా ఒప్పుకోబోమని ప్రకటించింది. ఆ దొంగ వాటిలో వాడినది మంచి వెండే. ఆ సంవత్సరాల్లో వెండి ధర బాగా పడిపోయి, డాలరులోని వెండి విలువ సుమారు అర డాలరుకు దిగింది. నిజమైన వెండితోనే కొట్టినా దొంగకు సగానికి సగం లాభం. ఇక 1899 ఓలో చిన్న ఓ ఉన్నది మాత్రం నిఖార్సైనదే. అంటే అక్షరం చిన్నదా పెద్దదా అన్నది చాలదు, అచ్చు మొత్తం చదవాలి.

ఈ కాలంలో చౌక లోహంతో పోతపోసిన నకిలీలు కూడా తక్కువేమీ కాదు. 1973 నాటి చట్టం ప్రకారం నకలు నాణెం మీద కాపీ అని వేసి తీరాలి, వేయనివారూ ఉన్నారు. కాబట్టి ముందు తూచండి, అయస్కాంతం పెట్టి చూడండి. వెండి అయస్కాంతానికి అంటదు. బరువు 26.73 గ్రాములకు బాగా ఎక్కువ తక్కువలుంటే అక్కడే ఆగిపోండి.

మనవారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఇంకొకటుంది. పండగ వస్తోందంటే వెండి సామానంతా విభూతి పెట్టి తోమడం మనకు అలవాటు. కంచానికీ కుందులకూ అది సరే. నాణేన్ని తోమకండి. చింతపండు వద్దు, విభూతి వద్దు, టూత్‌పేస్టు అసలే వద్దు. తోమితే ముందు పోయేది ఆ సన్నటి ఉబ్బు గీతలే. నల్లబడిన డాలరు నల్లగానే విలువైనది. తళతళ మెరిసే తోమిన డాలరు వెండి ధరకు దిగిపోతుంది.

చివరగా, ఈ డాలర్లకూ మన తాతముత్తాతల రూపాయలకూ ఉన్న చుట్టరికం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఇండియాలో వెండి రూపాయలకు కరువు వచ్చింది. కాగితం నోట్లు తెచ్చి వెండి ఇమ్మని జనం అడుగుతుంటే ఖజానాలో నిల్వలు అడుగంటుతున్నాయి. బ్రిటిష్‌వారు అమెరికాను అడిగారు. 1918 ఏప్రిల్ 23న పిట్‌మన్ చట్టం వచ్చింది. దాని కింద మొత్తం 27,02,32,722 వెండి డాలర్లను కరిగించారు. అందులో 25,91,21,554 డాలర్ల వెండి ఇండియా కోసం బ్రిటన్‌కు అమ్మినదే. ఒక డాలరులో ఉన్న వెండి రెండుంపావు రూపాయల వెండికి సమానం. ఏ సంవత్సరపువి, ఏ టంకశాలవి ఎన్ని కరిగాయో ఎవరూ లెక్క వ్రాసిపెట్టలేదు. ఎన్నో అరుదైన అచ్చుల బిడ్డలు ఆ మూసల్లో కలిసిపోయి ఉంటాయి. మళ్ళీ 1980 జనవరిలో వెండి ఔన్సు 50 డాలర్ల దరిదాపులకు పోయినప్పుడు కూడా డాలర్లు ఇలాగే మూసల్లోకి వెళ్ళాయి.

అంటే 1918, 1919, 1920 సంవత్సరాల అయిదవ జార్జి రూపాయి మీ ఇంట్లో ఉంటే, అందులో అమెరికన్ డాలరు వెండి కలిసి ఉండవచ్చు. మనకంటే ముందు అటు నుంచి ఇటు కాక, ఇటు నుంచి అటు ప్రయాణం చేసిన వెండి అది. ఆ రూపాయినీ ఇదే భూతద్దంతో చూడవచ్చు. బొరుసు వైపు అడుగున తామరపువ్వు కింద చిన్న చుక్క ఉంటే బొంబాయిది, లేకపోతే కలకత్తాది. 1911 రూపాయిలో రాజుగారి మెడలోని హారం మీది ఏనుగు పందిలా ఉందని గొడవ రేగి, ఆ రూపాయలను చాలావరకు వెనక్కి తీసుకుని కరిగించారు. 1912 నుంచి ఏనుగు తొండాన్ని స్పష్టంగా దిద్దారు. నిజాం రాజ్యపు హాలీ సిక్కా రూపాయిలో చార్మినార్ ద్వారం మధ్యన ఒక అక్షరముంటుంది. మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలానికి మీమ్, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలానికి ఐన్. ఉస్మాన్ అలీ తొలి రూపాయల్లో ఆ ఐన్ పొట్టిగా ఉన్న అచ్చు ఒకటి, పూర్తిగా ఉన్న అచ్చు ఒకటి.

మన ఇళ్ళలో ఆ రూపాయలకు పట్టే గతి మనకు తెలిసిందే. కంసాలి దగ్గర రూపాయి ఎత్తు అంటే తులం. తూకానికి రాయిగా వాడారు, పట్టీలకూ మట్టెలకూ కరిగించారు. ఊరికి వెళ్ళినప్పుడు అమ్మమ్మ పెట్టెలోని రూపాయలను మనవరాలి పట్టీలకు కరిగిద్దామని ఎవరైనా అంటే, ఒక్క పూట ఆగమనండి. వెలుగులో తిప్పి చూడండి, సంవత్సరమూ చుక్కా అక్షరమూ ఒక కాగితం మీద వ్రాసుకోండి, ఆ రూపాయి ఎవరిదో, ఎలా వచ్చిందో ఆమెను అడిగి పక్కనే వ్రాయండి. పట్టీలకు వెండి బజారులో దొరుకుతుంది. ఆ అచ్చు మళ్ళీ దొరకదు, ఆమె చెప్పే మాట అంతకంటే దొరకదు.

ఇక్కడి పిల్లలకు చరిత్ర చెబితే వినరని తరచు అనుకుంటాం. ఒక డాలరూ ఒక రూపాయీ చేతికిచ్చి, రెండుంపావు లెక్క చెప్పి, ఈకలు లెక్కపెట్టమని చూడండి. మీ ఇళ్ళలోని నాణేల వివరాలు వ్రాసి పంపితే వాటిని పట్టికగా కూర్చి ఈ పుటల్లోనే అందిద్దాం. నాణేలు మాత్రం టపాలో పంపవద్దు, సంవత్సరం, గుర్తు, కనిపించిన గీతల వర్ణన చాలు.